ఏరేటర్లు ఆగిన పూట

దొరబాబుగారి రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటుంది. సాయంత్రం ఎండ తగ్గేవేళకి ముగ్గురు ఆడపిల్లలు ఆ షెడ్డులోకి వెళ్లి తలుపేసుకునేవారు. బయట చెరువులో ఏరేటర్లు తిరుగుతూ ఉండేవి. రొయ్యకి గాలి ఆడాలని నీళ్లని చిలికే ఆ చక్రాల రొద పక్కన ఎవరితోనైనా మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి చెప్పాల్సిందే. ఆ పిల్లలకి కావలసిందీ అదే. లోపల వాళ్లు చేసే గోల బయటికి రాకుండా ఏరేటర్లు కాపలా కాసేవి.

ముగ్గురిలో గిటారు వాయించేది దొరబాబుగారమ్మాయి హారతి. విశాఖలో ఇంజినీరింగు చదివినప్పుడు హాస్టల్లో షిల్లాంగు పిల్ల ఒకతె ఆమె గదిలో ఉండేది. ఆ పిల్ల ఫోనులో వినిపించిన పాటలకి హారతికి మొదటిరోజు తలనొప్పి వచ్చిందట. మర్నాడు నిద్ర పట్టలేదట. ఆ పై రోజు తనే అడిగి పెట్టించుకుందట. దాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు. పాట నిమిషం దాటదు. రాగాలు తీయడానికీ, పల్లవి తిప్పి తిప్పి పాడడానికీ అందులో తీరికుండదు. కోపమొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు అనేసి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయినట్టుంటుంది.

డ్రమ్ములు రెబెక్కావి. ఊళ్లో లూథరన్ చర్చిలో డ్రమ్ములు కొట్టే కుర్రాడు హైదరాబాదు ఉద్యోగానికి వెళ్లిపోతే, ఈస్టరు ముందు దిక్కుతోచక పాస్టరుగారు ఆ కర్రలు రెబెక్కా చేతికిచ్చారు. దేవుడి సన్నిధిలో కొడుతున్నావు, కాస్త నెమ్మదిగా కొట్టమ్మా అని ఆయన వారం వారం చెబుతూనే ఉంటారు. ఆదివారం కొట్టకుండా దాచుకున్న దెబ్బలన్నీ మిగతా రోజుల్లో ఈ షెడ్డులో తీర్చుకునేది. చర్చికి కొత్త డ్రమ్ములొచ్చాక మూలపడేసిన పాత సెట్టు అది. చర్మం చిరిగినచోట బస్తా కుట్టే దారంతో కుట్టి, పైన టేపు వేసింది.

గొంతు సారికది. ఆ పిల్ల పాలకొల్లులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. రెబెక్కాకి మేనమామ కూతురు. కాలేజీలో పాఠం అప్పజెప్పమంటే బెంచీ దాటి వినపడని గొంతు. మైకు చేతికొస్తే మాత్రం కడుపులోంచి వచ్చే ఆ అరుపుకి మేత బస్తాల మీద దుమ్ము లేచేది. బేసు గిటారు వాయించేవాళ్లు లేరు. ఆ లోటు ఏరేటర్లు తీరుస్తున్నాయిలే అని సరిపెట్టుకున్నారు.

బ్యాండు పేరు పెద్దనోరు. ఆడపిల్లకి అంత పెద్దనోరేంటే అని ముగ్గురూ ముగ్గురిళ్లలో విన్న మాటే. ఇంకో పేరు వెతుక్కునే శ్రమ ఎందుకని అదే పెట్టుకున్నారు. మొట్టమొదట కట్టిన పాట పాలకొల్లు బస్సులో వెనకనుంచి వచ్చి ఆనుకునే పెద్దమనుషుల మీద.

జరగండి, జరగండి, జరగండి బాబాయిగారూ
బస్సు ఖాళీగానే ఉంది!

పంక్ పాటలో గారు ఏంటే, పరువు తక్కువ అని హారతి గొడవపెట్టింది. సారిక ఒప్పుకోలేదు. తిట్టు తిట్టే, మర్యాద మర్యాదే అంది. మర్యాద తీసేస్తే వాడు తిట్టు సంగతి వదిలేసి మర్యాద సంగతి పట్టుకుంటాడు, గారు అని తిడితే వాడికి పట్టుకోడానికి ఏమీ ఉండదు అని వివరించింది. ఆ గారు అలాగే ఉండిపోయింది.

సారికకి తండ్రి లేడు. ఆయన, శ్యాంబాబు, యానాంలో మందు కొట్టి బండి మీద వస్తూ కాలవలో పడి చనిపోయాడు, ఈ పిల్ల రెండో తరగతిలో ఉండగా. మరుసటేడు తల్లి దేవకుమారి కువైటు వెళ్లింది, ఇంటిపనికి. వాళ్లుండే పాలెంలో ఇంటికొక ఆడమనిషి కువైటో దోహానో చూసి వచ్చిందే. నిడదవోలు స్టేషన్లో రైలు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది దేవకుమారి. అమ్మమ్మ పాపాయి పక్కన నిలబడ్డ సారిక అప్పుడు ఏడవలేదు. చేతిలో బిస్కట్ల పొట్లం ఉంది. ఆ పొట్లం సంగతి గుర్తొచ్చినప్పుడల్లా సారికకి తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

తరవాత తల్లంటే ఫోనే. అక్కడ ఇంటివాళ్లు మధ్యాహ్నం పడుకునేవేళకి ఇక్కడ సారిక బడి నుంచి వచ్చేది. మెట్లకింద సామాన్ల గదిలో కూర్చుని దేవకుమారి గుసగుసగా మాట్లాడేది. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, అమ్మమ్మ మాట వింటున్నావా. ఇటునుంచి పిల్ల గట్టిగా మాట్లాడితే, మెల్లగా అమ్మా మెల్లగా అనేది, ఫోనులోంచి కూడా వాళ్లకి వినపడిపోతుందన్నట్టు. సారిక ఏదైనా చెప్పడానికి మాటలు కూడదీసుకునేసరికి, ఎప్పుడూ ఒకటే మాట. వాళ్లు లేచారు, ఉంటానమ్మా. ఫోను ఆగిపోయేది. పిల్ల పెద్దమనిషైన రోజున కూడా అంతే. మామిడాకుల పందిట్లో కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంటే, ఏం చీర కట్టారమ్మా అని అడిగి, రంగు చెప్పేలోపే వాళ్లు లేచారు అంది.

కిందటి క్రిస్మసుకి దేవకుమారి మొత్తానికి వచ్చేసింది. మనిషి వచ్చింది గానీ ఆ ఇంటి అలవాట్లు వదల్లేదు. గిన్నె కింద పెడితే చప్పుడు రాదు. తలుపు రెండు చేతులతో పట్టుకుని వేస్తుంది. కుక్కరు కూతేస్తే ఉలిక్కిపడి పొయ్యి దగ్గరికి పరిగెడుతుంది. మాట మాత్రం అదే గుసగుస. నీ మాట వినాలంటే నీ నోట్లోకి దూరాలే అని పాపాయి విసుక్కునేది. దేవకుమారీ సారికా ఒక ఇంట్లో చుట్టాల్లా మసిలేవారు. టీ తాగుతావా అని తల్లి అడిగితే, నువ్వు తాగావా అని కూతురు. కంచం ముందు కూర ఇంకొంచెం వెయ్యనా అనడానికి కూడా ఇద్దరికీ మొహమాటమే.

అలా ఉండగా పాలకొల్లు ఏజెంటు పెద్దిరాజుగారు కబురు పంపారు. వీసా వచ్చింది, వచ్చే సోమవారం బయల్దేరాలి. పాత ఇంటివాళ్లే మళ్లీ రమ్మంటున్నారు. ఆ సంగతి దేవకుమారి కూతురికి మెల్లగానే చెప్పింది. సారిక సరే అంది. అన్నం తిని, కంచం కడిగి, చెరువు గట్టుకి వెళ్లింది. షెడ్డులో మైకు తీసుకుని మాటల్లేకుండా కాసేపు అరిచింది. తరవాత మాటలొచ్చాయి. ఆ ఫోన్లు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చున్నది రెబెక్కాయే. కర్రలందుకుని ఆ మాటలకి దెబ్బ కలిపింది.

అన్నం తిన్నావా, వాళ్లు లేచారు
జ్వరం తగ్గిందా, వాళ్లు లేచారు
చీర రంగేంటమ్మా, వాళ్లు లేచారు
మళ్లీ ఎప్పుడమ్మా, వాళ్లు లేచారు

అంతే పాట. తల్లి గుసగుసగా చెప్పిన మాటల్ని కూతురు గొంతు చించుకుని అరవడం. శనివారం రాజమండ్రిలో ఆడపిల్లల బ్యాండ్లు కొన్ని వాయించే సభ ఒకటుంది, పెద్దనోరుకి మొదటి ప్రదర్శన అదే. ఆ పాట ఆఖర్న పాడాలని హారతి తీర్మానించింది.

"అక్కడెవరికోసమే పాడతావు? ముందు ఇంట్లో చెప్పు, వెళ్లొద్దని," అంది తీగలు సరిచేసుకుంటూ.

సారిక మైకు తీగని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"చెప్పాక కూడా వెళ్లిపోతే?"

ఇన్నేళ్లూ అమ్మ తనని వదిలి వెళ్లలేదు, వెళ్లాల్సొచ్చి వెళ్లింది అనుకుంటూ పెరిగిన పిల్ల సారిక. ఇప్పుడు నోరు తెరిచి ఉండమని అడిగాక వెళ్తే, ఇక అలా అనుకోవడానికి వీలుండదు. అందుకే ఇంట్లో నోరు కట్టుకుని షెడ్డులో అరిచేది.

గురువారం సాయంత్రం ముగ్గురూ ఆ పాటే మళ్లీ మళ్లీ సాధన చేస్తున్నారు. త్రీఫేజు కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. షెడ్డుకి ఇంటి కరెంటు లైను వేరే కాబట్టి లోపల దీపమూ ఆరలేదు, గిటారూ ఆగలేదు. రోజూ చెవులు దిమ్మెక్కిపోయి ఉండే పిల్లలకి బయట నిశ్శబ్దం పడిందన్న సంగతే తెలియలేదు. చెరువు కాపలాదారు ముసలయ్య జనరేటరు దగ్గరికి పరిగెత్తాడు. అది ఎంత తిప్పినా దగ్గి దగ్గి ఊరుకుంటోంది. కాలవ అవతల పాలెం దాకా, అటు రైతుల వీధి దాకా, సారిక గొంతు గాలి మీద తేలుతూ వెళ్లింది.

దేవకుమారి అరుగు మీద గోంగూర వలుస్తోంది. ఒక ఆడపిల్ల అరుపు, దాని వెనక ధబధబమని దెబ్బలు. చెవి అటు పెట్టి విన్నది. గొంతు ఎవరిదో తెలిసింది. ఆకు ఒళ్లోంచి జారిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా కాలవ గట్టెక్కింది.

"సారికా..."

ఆ కేక విని అవతలి ఒడ్డున గేదెలు తల తిప్పాయి. దేవకుమారికి అంత గొంతుందని ఊరికి తెలియదు. బహుశా ఆవిడకీ తెలియదు. ఆవిడ వెనక చర్చి సంఘపెద్ద రాజరత్నంగారు చేతికర్రతో, పక్కింటి అనిల్ కుమార్ పారతో, ఆ వెనక చీర కుచ్చెళ్లు పట్టుకుని పాపాయి.

అందరికన్నా ముందు షెడ్డు చేరింది దేవకుమారే. తలుపు బాదడానికి చెయ్యెత్తింది. లోపల మళ్లీ మొదలైంది పాట. అన్నం తిన్నావా. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. జ్వరం తగ్గిందా. చీర రంగేంటమ్మా. పాట అయిపోయేదాకా ఆవిడ కదల్లేదు. అయిపోయాక చెయ్యి మెల్లగా దించుకుంది.

మంచినీళ్ల కోసం తలుపు తీసిన రెబెక్కాకి ఎదురుగా అత్త దేవకుమారి, వెనక కర్రలూ పారలూ. అప్పుడు గానీ ఏరేటర్లు ఆగిన సంగతి తెలియలేదు ఆ పిల్లకి.

"ఎవర్నమ్మా చంపుతున్నారు?" అన్నారు రాజరత్నంగారు ఆయాసంతో.

"పాటండి," అన్నాడు ముసలయ్య జనరేటరు దగ్గరనుంచే. "రోజూ ఉండేదేనండి. మీకు ఇవాళే వినపడింది."

"ఇది పాటా?"

"నాకు ముందే తెలుసు," అంది పాపాయి గట్టు మీద కూలబడి. "మా పిల్లని ఎవరో చంపేస్తున్నారంటే నమ్మలేదు. ఇదే ఎవర్నో చంపుతోందనుకుని పరిగెత్తుకొచ్చాను."

అనిల్ కుమార్ నవ్వాడు. పార భుజం మీదికి మార్చుకున్నాడు. మన చర్చి డ్రమ్ముల మీదేనా ఈ గోలంతా అని రాజరత్నంగారు అడగబోయారు గానీ, రెబెక్కా ఆయన చెయ్యి పట్టుకుని, పదండి తాతగారూ, చీకటిపడితే మీకు గట్టు కనపడదు అంటూ నడిపించుకుపోయింది. సారిక బయటికి వచ్చి నిలబడింది. హారతి పాపాయిని లేవదీసింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరికి వేసింది.

చెరువు కదలకుండా ఉంది. ఆ నీళ్లు అలా అద్దంలా నిలబడి ఉండగా సారిక ఎప్పుడూ చూడలేదు. తల్లి గట్టు మీద కూర్చుంది. కాలికి ఏదో గుచ్చుకున్నట్టుంది, మడమ చూసుకుంటోంది. సారిక కింద కూర్చుని తల్లి పాదం ఒళ్లోకి తీసుకుంది. ఫోను లైటు వేసి వెతికి, తుమ్మముల్లు గోళ్లతో లాగేసింది. తల్లి పాదం అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

"అవి నా మాటలే కదా," అంది దేవకుమారి.

సారిక తలూపింది. పాదం వదల్లేదు.

"ఒకటి తప్పు రాశావమ్మా."

"ఏంటి?"

"వాళ్లు లేచేవాళ్లు కాదు." దేవకుమారి నీళ్లకేసి చూస్తూ చెప్పింది. "ఎప్పుడో ఒకసారి లేచారేమో. వాళ్లు సాయంత్రం దాకా పడుకునేవాళ్లే. నీ గొంతు వింటుంటే నాకు ఏడుపొచ్చేసేది. నేనేడిస్తే నువ్వు అక్కడ అన్నం తినవు. అందుకని పెట్టేసేదాన్ని. పెట్టేసి అక్కడే కూర్చునేదాన్ని, వాళ్లు నిజంగా లేచేదాకా."

ఇన్నేళ్లుగా సారిక మనసులో తిట్టుకున్న ఆ ఇంటివాళ్లందరూ ఆ మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతూనే ఉన్నారన్నమాట. మెట్ల కింద ఆ గదిలో తల్లి, ఇక్కడ అరుగు మీద తను, ఆగిపోయిన ఫోను చేత్తో పట్టుకుని ఒక్కలాగే కూర్చున్నారన్నమాట.

"పందిట్లో ఏం చీర కట్టారో ఇప్పటికీ నాకు తెలీదు," అంది తల్లి.

"చిలకాకుపచ్చ. జరీ అంచు. నాకస్సలు నచ్చలేదు."

"నేను పంపిందే అది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక సారికకి తెలిసింది, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని. మైకు ముందు అయితే ఎంతైనా అరవగలదు. ఇక్కడ మైకు లేదు. పాదం మీద మట్టి తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"అమ్మా, వెళ్లకు."

సరిగ్గా అప్పుడే జనరేటరు అందుకుంది. ఏరేటర్లన్నీ ఒక్కపెట్టున నీళ్లని చిలకడం మొదలుపెట్టాయి. ముసలయ్య అటు గట్టు మీద రెండు చేతులూ జోడించి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు. తల్లి ముందుకి వంగింది. చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటమ్మా?"

"వెళ్లకు అన్నాను."

దేవకుమారి తల అడ్డంగా ఊపింది. వినపడలేదని. మెట్ల కింద గదిలో కూర్చుని సముద్రం అవతల పిల్ల ఊపిరి మార్పు కూడా పట్టుకున్న మనిషి. నిజంగా వినపడలేదో, ఇంకోసారి వినాలనుకుందో, ఆవిడకే తెలియాలి.

"గట్టిగా చెప్పమ్మా," అంది.

ఆ మాట ఆ నోట సారిక అంతకు ముందు వినలేదు. లేచి నిలబడింది. కడుపులోంచి ఊపిరి తీసుకుంది. ఏరేటర్ల మీదుగా, చెరువు మీదుగా, కాలవ అవతల పాలెం దాకా వెళ్లింది ఆ అరుపు.

"నువ్వు వెళ్లకే అమ్మా."

గట్టు మొదట్లో హారతీ రెబెక్కా ఆగిపోయారు. పాపాయి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇన్నాళ్లకి దాని నోరు పనికొచ్చింది అంది. దేవకుమారి కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. తను కూడా గట్టిగా ఏదో చెప్పాలని నోరు తెరిచింది గానీ, ఆవిడకి అలవాటు లేదు కదా, గొంతు చీరుకుపోయి దగ్గొచ్చింది. సరేనని తలూపింది. అది చాల్లే అన్నట్టు సారిక తల్లి వీపు రాసింది.

మర్నాడు పెద్దిరాజుగారికి ఫోను చేసి రానని చెప్పడానికి దేవకుమారికి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. వచ్చిన వీసా కాదంటారేంటమ్మా, మళ్లీ అడిగితే రాదు అని ఆయన కేకలేశారు. ఆవిడ వింది. రాను బాబూ అంది. ఎలా బతుకుతావమ్మా అంటే, ఆ సంగతి ఇక్కడే ఉండి చూసుకుంటాను అంది. ఏం చూసుకోవాలో ఆవిడకీ ఇంకా తెలియదు.

శనివారం రాజమండ్రి సభకి ఆవిడా బయల్దేరింది. చెవుల్లో దూది పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. గోలకి గుండె అదిరిపోతోందని పక్కనున్న పిల్లకి చెప్పిందట గానీ కుర్చీ మార్చుకోలేదు. పెద్దనోరు వాళ్లు ఆ పాట ఆఖర్నే పాడారు. పాటంతా మునుపటిలాగే ఉంది. చివర మాత్రం రెబెక్కా కర్రలు ఆపేసింది, హారతి తీగలు చేత్తో నొక్కేసింది, సారిక మైకు దగ్గరకి లాక్కుని, ఎవరూ లేవలేదు అని గుసగుసగా అంది. కుర్రపిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ మాట ఎవరికోసమో వాళ్లకి తెలియదు. తెలిసినావిడ దూది తీసి ఒళ్లో పెట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సారిక కిటికీ పక్కన, దేవకుమారి ఇవతల. నిడదవోలు దాటుతుంటే స్టేషన్ దీపాలు కనిపించాయి. ఇద్దరూ అటు చూశారు. కాసేపటికి, ఖాళీ సీట్లున్నా నిలబడే ఉన్న ఒకాయన, తెల్లచొక్కా, నుదుట బొట్టు, దేవకుమారి భుజం మీదికి ఒరుగుతూ వచ్చాడు. బస్సు మలుపు తిరిగినా తిరగకపోయినా ఒరుగుతున్నాడు. సారిక లేవబోయింది. తల్లి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. గొంతు సవరించుకుంది.

"జరగండి బాబాయిగారూ," అంది. "బస్సు ఖాళీగానే ఉంది."

డ్రైవరు కూడా అద్దంలోకి చూశాడు. వెనక సీట్లో రెబెక్కా కర్రలతో సీటు కమ్మీ మీద టకటకమని అందుకుంది. ఆయన జరగడం కాదు, ముందు తలుపు దాకా వెళ్లిపోయాడు. దేవకుమారి ఏమీ జరగనట్టు కొంగు సర్దుకుంది. సారికకి చలిగాలి కొడుతోందని ముందుకి వంగి, కిటికీ అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.